ఉప్పు వేరు... కారం వేరు!

గుంటూరు పేరు చెబితేనే నాలుక చుర్రుమంటుంది. అలాంటి ఊళ్లో ఉండే ఆలుమగలకు ‘ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, అన్నం తగ్గించండి’ అని డాక్టరు చెబితే ఏమవుతుంది? కంచం ముందు కూర్చున్నప్పుడు వాళ్లకు అడ్డం పడేది నిజంగా మిరపకాయేనా? మిర్చియార్డు నుంచి వంటింటి దాకా ఓసారి చుట్టి వస్తే అసలు సంగతి తెలుస్తుంది.

గాలిలోనే ఘాటు

సంక్రాంతి వెళ్లిందంటే గుంటూరు గాలే మారిపోతుంది. చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో మిరప కోతలు జోరందుకుంటాయి. ప్రత్తిపాడు, మేడికొండూరు, సత్తెనపల్లి, పర్చూరు, మార్టూరు... ఎటు వెళ్లినా కల్లాల్లో ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు కాయలు ఆరుతూ కనిపిస్తాయి. పక్కనే తెల్లగా పత్తి చేలు. ఎండిన కాయల్ని గోతాలకెత్తి లారీల మీద, ట్రాక్టర్ల మీద గుంటూరు దారి పట్టిస్తారు రైతులు. ఆ గోతాన్నే యార్డులో ‘టిక్కీ’ అంటారు. మంచి సీజన్‌లో ఒక్కరోజులోనే లక్షకు పైగా టిక్కీలు దిగుతాయిక్కడ. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరుబడ్డ ఈ యార్డులోకి అడుగుపెట్టిన కొత్తవాళ్లు ముందు చేసే పని... తుమ్మడం!

ఊరి శివార్లలో శీతల గిడ్డంగులు. లాం ఫారంలో వ్యవసాయ శాస్త్రవేత్తల ప్రయోగాలు. అక్కడ పుట్టిన ఎల్‌సీఏ 334 రకం దేశమంతా తెలిసిన మిరప. గుంటూరు సన్నానికైతే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2022 ఏప్రిల్‌ 4న పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయింది. చీరాల, పర్చూరు ప్రకాశం నుంచి బాపట్లలోకి వచ్చాయి. కాగితం మీద గీతలు మారాయిగానీ కంచంలో గీతలు మారలేదు. మొదటి ముద్ద కారప్పొడితోనో, పచ్చడితోనో కలుపుకోవాల్సిందే. కొరివికారం, గోంగూర, దోసావకాయ, నల్లకారం, గొడ్డుకారం... ఏదో ఒక జాడీ మూత లేవకుండా ఇక్కడ భోజనం మొదలుకాదు.

కొత్తపేట చీటీ

బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం తేలిక. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే చాలు. ఏ లైనులో ఏ అడ్డరోడ్డుకు వెళ్లినా కనిపించే ఓ జంటను ఊహించుకోండి. ఆయనకు నలభై ఎనిమిది. యార్డులో ఓ కమీషను కొట్టులో లెక్కలు చూస్తారు. ఆవిడకు నలభై మూడు. ప్రైవేటు స్కూల్లో టీచరు. అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌ చదువుతున్నాడు. ఇంట్లో మిగిలింది ఇద్దరే.

ఒకరోజు కళ్లు తిరిగితే ఆయన్ని కొత్తపేట తీసుకెళ్లారు. గుంటూరులో ‘కొత్తపేట వెళ్లొచ్చాం’ అంటే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చామనే అర్థం. అక్కడ వీధుల నిండా ఆసుపత్రులూ, మందుల షాపులే. బీపీ నూట యాభై దాటింది. షుగరు ఇంకా రాలేదుగానీ గడప దగ్గరే నిలబడింది. డాక్టరు ఓ బిళ్ల రాసి, వెనకాల నాలుగు మాటలు రాశారు. ఉప్పు తక్కువ, నూనె తక్కువ, అన్నం తక్కువ, నడక ఎక్కువ.

మామూలుగా అయితే ఆ చీటీ బీరువాలోకి వెళ్లిపోయేదే. కానీ ఆ ఇంట్లో ఓ భయం ఉంది. ఆయన తండ్రికి యాభై ఏడేళ్లకే పక్షవాతం వచ్చింది. తొమ్మిదేళ్లు మంచంలో ఉన్నారు. ఆ తొమ్మిదేళ్లూ చాకిరీ చేసింది ఆవిడే. అందుకే ఆ రాత్రి ఆవిడ ఒకే మాట అన్నారు.

“ఏమండీ, మీ నాన్నగారికి చేశాను. మళ్లీ మీకు చేసే ఓపిక నాకు లేదు. తినేది మార్చుకుందాం.”

ఆయన తలూపారు. మర్నాడు పొద్దున్నే జాడీలన్నీ అటక మీదికి ఎక్కాయి. వారం తిరక్కుండానే దిగాయి!

మూడు గాలులు

ఈ జిల్లాల్లో ఆరోగ్యం పేరుతో తిండి మార్చుకోవడం కొత్తేమీ కాదు. పాతికేళ్లలో మూడు పెద్ద గాలులు వీచాయి. ప్రతి గాలికీ ఇంటింటా ఓ జంట పూనుకుంది. చాలామంది మధ్యలో వదిలేసింది.

మొదటిది ఉప్పులేని వంట. ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు పుస్తకాలూ, టీవీ ప్రసంగాలూ 2000 తర్వాత ఊరూరా మోగిపోయాయి. ఉప్పు, నూనె, పంచదార లేకుండా వండుకోవడం, పొద్దున్నే నీళ్లు తాగడం, మొలకలు, పండ్లు తినడం... ఇదీ ఆయన చెప్పిన దారి. ఉండవల్లి దగ్గర కృష్ణా కరకట్ట పక్కన ఆయన ఆశ్రమం. అక్కడ వారం పది రోజులు ఉండి వచ్చినవాళ్లు తేలిగ్గా ఉందని మురిసిపోయేవారు. ఇంటికొచ్చాక చుట్టాలొస్తే చిక్కు. ఒకే పొయ్యి మీద రెండు వంటలు ఎన్నాళ్లని?

రెండోది కొవ్వు గాలి. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి 2017, 2018ల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల్ని ఊపేసింది. అన్నం, పండ్లు, పంచదార పూర్తిగా బంద్‌. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీ విటమిన్‌ బిళ్లలు. కొబ్బరినూనె సీసాలు తాగేసినవాళ్లున్నారు. బరువు తగ్గినవాళ్లూ ఉన్నారు. అయితే షుగరు బిళ్లలు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరు సలహా లేకుండా ఇలాంటి ప్రయోగం చేయొద్దని వైద్యులు గట్టిగా హెచ్చరించారు.

మూడోది సిరిధాన్యాల గాలి. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు... మైసూరులో స్థిరపడ్డ డాక్టర్‌ ఖాదర్‌వలీ ఈ అయిదింటి పేర్లూ తెలుగు ఇళ్లలో మళ్లీ మోగించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదినే చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. గుంటూరు కిరాణా కొట్లలో కొర్రల ప్యాకెట్లు సన్నబియ్యం బస్తాల పక్కన దర్జాగా కూర్చున్నాయి.

మన బ్రాడీపేట జంట ఈ మూడింటినీ చూసింది. ఉప్పులేని కూర నలభై రోజులు నడిచింది, సంక్రాంతి నాడు అరిసెల దగ్గర ఆగిపోయింది. కొవ్వు పద్ధతి బావమరిది పెళ్లి దాకా వచ్చింది. కొర్రన్నం ఇంకా అప్పుడప్పుడూ ఉంది. ప్రతిసారీ జరిగింది ఒకటే. నియమం అంతా ఒకేసారి మొదలైంది, అంతా ఒకేసారి పోయింది. పైగా ఒకరు చెప్పింది మరొకరు వద్దన్నారు. ఒకాయన నూనె చుక్క వద్దంటే, ఇంకొకాయన వంద గ్రాముల కొవ్వు తినమన్నాడు. ‘ఎవరి మాట వినాలి?’ అనే ప్రశ్న దగ్గరే సగం ఇళ్లలో నియమాలకు నీళ్లొదిలారు.

జొన్నన్నం తిన్న నేల

నిజానికి ఇప్పుడు ‘ఆరోగ్యం’ అంటున్న తిండి పల్నాటికి పాత చుట్టమే. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో పల్నాటి మీద విసుగులో అక్కడి తిండికీ చోటుంది. సన్నన్నం తినే కవిగారికి జొన్నకూడు గొంతు దిగలేదు మరి! మెట్టసీమలో జొన్న, సజ్జ, కొర్రలే బతుకు. వరి కావాలంటే కృష్ణా కాలువలు పారే తెనాలి, రేపల్లె వైపు చూడాల్సిందే.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ వెంట పల్నాడు, ప్రకాశం పొలాల్లోకి వరి నడిచొచ్చింది. 1983లో ఎన్టీఆర్‌ ప్రభుత్వం పెట్టిన రెండు రూపాయలకు కిలో బియ్యం పథకంతో పేదింటి కుండలోనూ తెల్లన్నం ఉడికింది. పండగనాడు మాత్రమే వరన్నం చూసిన ముసలమ్మలకు అదో గెలుపు. ఆ అన్నాన్ని ఇప్పుడు ‘తగ్గించండి’ అంటే అత్తగారు ఊరుకుంటుందా?

“పండక్కి గానీ వరన్నం ఎరగం మేము. ఇప్పుడేందమ్మా నా కొడుక్కి జొన్నలు పెడతావా?” అనే మాట ఈ ప్రాంతంలో చాలామంది కోడళ్లు విన్నదే. ఆ మాటలో మొండితనం లేదు. ఆకలి జ్ఞాపకం ఉంది.

ఇక సాంబమసూరి సంగతి. దేశమంతా ఇష్టంగా తినే బీపీటీ 5204 పుట్టింది ఎక్కడో కాదు, మన బాపట్లలోనే. 1986లో విడుదలైంది. పేరులోని బీపీటీ అంటే బాపట్లే! అంత రుచైన బియ్యం ఇంటి పక్కనే పుడితే, మూడు పూటలా కంచం దాన్నే కోరుకోవడంలో తప్పేముంది? తప్పు బియ్యానిది కాదు, కంచంలో అది ఆక్రమించే చోటుది. చేలో పనిచేసిన తాతకు సరిపోయిన అన్నం, కొట్టులో కూర్చుని లెక్కలు రాసే మనవడికి ఎక్కువవుతుంది. జొన్నరొట్టె అయినా అంతే. మంచిదే కదాని అయిదారు లాగిస్తే అదీ పిండిపదార్థమే.

మిరపకాయ దోషి కాదు

ఇప్పుడు అసలు నిందితుణ్ని చూద్దాం. బీపీ వచ్చిందనగానే మనవాళ్లు ముందు మాన్పించేది కారం. ‘గుంటూరోళ్లు కదా, కారం తిని తెచ్చుకున్నారు’ అని పక్క జిల్లావాళ్ల వెటకారం కూడా!

మిరప మన నేల మీద పుట్టిన పంట కాదు. అమెరికా ఖండాల నుంచి పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియమే. హంగేరీలో సెగెడ్‌ అనే ఊళ్లో పనిచేసిన ఆల్బర్ట్‌ సెంట్‌ జార్జి తమ ఊరి మిరప నుంచే విటమిన్‌ సి దండిగా వెలికితీశారు. 1937లో ఆయనకు నోబెల్‌ వచ్చింది. మిరపలో మండించే క్యాప్సైసిన్‌ను పట్టుకుని, మన నరాలు వేడినీ మంటనూ ఎలా గుర్తుపడతాయో కనిపెట్టిన డేవిడ్‌ జూలియస్‌కు 2021లో నోబెల్‌ దక్కింది. క్యాప్సైసిన్‌ నీళ్లలో కరగదు. అందుకే నోరు మండినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా లాభం ఉండదు. గ్లాసు మజ్జిగ, ఓ పెరుగు ముద్ద అయితే ఇట్టే చల్లారుస్తాయి.

చైనాలో సుమారు 5 లక్షల మంది మీద చేసిన పరిశీలన ఒకటి 2015లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో వచ్చింది. వారంలో దాదాపు రోజూ కారం తినేవాళ్లలో మరణాల ముప్పు, అరుదుగా తినేవాళ్లతో పోలిస్తే సుమారు 14 శాతం తక్కువగా కనిపించింది. కారం వల్లే తగ్గిందని అది తేల్చలేదు. కానీ కారం మనిషిని చంపేస్తుందన్న మాటకైతే ఆధారం చూపలేదు. ఆ దేశంలోనే 2017లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆసక్తికరం. కారం బాగా ఇష్టపడేవాళ్లు ఉప్పు తక్కువ తింటున్నారట, వాళ్ల బీపీ కూడా తక్కువగా ఉందట. ఘాటు తగిలిన నాలుక ఉప్పును కొంచెం ఉన్నా గుర్తుపట్టేస్తుందన్నది వాళ్ల వివరణ.

మరి కారానికి రాజధాని లాంటి గుంటూరులో బీపీలెందుకు? ఇక్కడే ఉంది కిటుకు. మనం కారాన్ని ఒంటరిగా తినం. ‘ఉప్పూకారం’ అని మన భాషలోనే అదో జంటపదం. పౌరుషం వచ్చినా ‘ఉప్పూకారం తినట్లేదా’ అంటాం! కొరివికారంలో పండుమిరపకాయలకు తోడు దోసిళ్లకొద్దీ ఉప్పు. ఆవకాయలో ఆవపిండి, కారంతో దాదాపు పోటీపడేంత ఉప్పు. ఊరమిరపకాయలు మజ్జిగలో నానేది ఉప్పుతోనే. అప్పడం, వడియం, కారప్పొడి... అన్నిట్లోనూ కారం ముందు కనిపిస్తుంది, వెనక ఉప్పు దాక్కుని వస్తుంది. ఏడాది నిలవుండాలంటే అంత ఉప్పు పడాల్సిందే. నిలవపెట్టేది ఉప్పు, నింద పడేది మిరపకాయ మీద!

పచ్చడి పాళ్లను బట్టి పెద్ద చెంచాడు నిలవపచ్చడిలో ఒకటి, ఒకటిన్నర గ్రాముల ఉప్పు తేలిగ్గా ఉంటుంది. పొద్దున ఇడ్లీలోకి, మధ్యాహ్నం మొదటి ముద్దలోకి, రాత్రి పెరుగన్నంలోకి మూడు చెంచాలు వేసుకుంటే నాలుగు గ్రాములు దాటొచ్చు. రోజు మొత్తానికి ఒక మనిషికి ఉండాల్సింది 5 గ్రాములు. అంటే ఓ చిన్న చెంచా. ఇంకా కూరలో, పప్పులో, చారులో వేసింది లెక్కలోకే రాలేదు!

కడుపులో పుండు, ఛాతీలో మంట, మొలలు ఉన్నవాళ్లు కారం తగ్గించుకోవాల్సిందే, అది వేరే సంగతి. మిగిలినవాళ్లకు మాత్రం ఈ జంటను విడదీయడమే మార్గం. ఉప్పు వేరు, కారం వేరు.

గరిటె ఎవరి చేతిలో?

బ్రాడీపేట ఇంట్లో నాలుగోసారి మొదలైంది ఇక్కడి నుంచే. ఈసారి జాడీలు అటకెక్కలేదు. కొరివికారం జాడీ వారానికి రెండుసార్లు మాత్రమే తెరుచుకుంటోంది. మిగతా రోజుల్లో రోటి పచ్చడి. కాల్చిన వంకాయ, బీరకాయ పొట్టు, దోసకాయ, టమాటా... పచ్చిమిర్చి ఎన్నయినా సరే, ఉప్పు మాత్రం చిటికెడు. ఏ పూటకాపూట తినేసేది కాబట్టి నిలవకు వేసే ఉప్పుతో పనిలేదు. పైన నిమ్మకాయ పిండితే నాలుకకు లోటు తెలియదు. మొదటి రెండు వారాలు ఆయన ముఖం మాడ్చుకున్నారు. నెల తిరిగేసరికి హోటల్‌ సాంబారు ఉప్పగా తోచింది. నాలుకకు అలవాటు మారడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతే.

అయితే అంతకుముందు మూడుసార్లు ఎందుకు ఓడిపోయారో ఆవిడకు తెలుసు. నియమం ఇద్దరిదీ అని పేరు. వండేది ఒక్కరు! ఆయనకు విడిగా కొర్రన్నం, అత్తగారికి తెల్లన్నం, చుట్టాలకు ఉప్పున్న కూర. పొద్దున అయిదింటికి లేచి మూడు గిన్నెలు ఎక్కించి స్కూలుకు పరిగెత్తాలి. ఇంటాయన ఆరోగ్యం కోసం ఇంత చేసి, తను మాత్రం మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుని తినేసేది. నిలబడే తినడం, వెంటనే గ్లాసెడు టీ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గోంగూర పండే నేల మీద ఇదో విడ్డూరం. గోంగూరలో ఇనుము ఉన్నమాట నిజమే. కానీ ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన నిమ్మ, ఉసిరి, జామ లాంటి పులుపు ఉండాలి. భోజనం కాగానే టీయో, కాఫీయో తాగితే ఆ ఇనుము సరిగా అందదు. ‘నియమం’ అనగానే మగవాళ్ల బీపీ, షుగరే గుర్తొస్తాయి. ఆవిడ రక్తం సంగతి ఎవరూ అడగరు. అందుకే నాలుగోసారి ఆవిడ పెట్టిన షరతులు రెండు. ఒకటి, ఇంట్లో ఒక్క వంటే. అత్తయ్యకైనా, అబ్బాయి వచ్చినా అదే. రెండు, కూరలు తరిగే పని ఆయనది. కమీషను కొట్టులో కోట్ల లెక్కలు రాసే చేయి ఇప్పుడు రోజూ పొద్దున బెండకాయలు తరుగుతోంది. భోజనానికి ఇద్దరూ కలిసి కూర్చుంటున్నారు. టీ గంట ఆగి తాగుతున్నారు.

వీధిలో అసలు పరీక్ష

ఇంట్లో గెలవడం ఒక ఎత్తు. వీధిలో గెలవడం ఇంకో ఎత్తు. పొద్దున్నే ఎన్టీఆర్‌ స్టేడియంలో గంట నడిచిన బృందాలు, బయటికి రాగానే టిఫిను బండి చుట్టూ చేరడం చాలా ఊళ్లలో ఉన్నదే, గుంటూరేం మినహాయింపు కాదు. శంకర్‌విలాస్‌ సెంటర్‌ చూడండి, కూడలికే హోటలు పేరు! ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి... చూస్తూ ఎవరు ఊరుకోగలరు?

నిజానికి ఇడ్లీ చెడ్డదేమీ కాదు. మినప్పప్పు ఉంది, ఆవిరి మీద ఉడికింది. పెసరట్టు ఇంకా మేలు. చిక్కల్లా పూరీ, మైసూరు బజ్జీ, పులిబొంగరాల దగ్గరే. సాయంత్రం అయితే మిరపకాయ బజ్జీ. లోపల వాము, చింతపండు కూరి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మరసం పిండి ఇస్తుంటే... ఇక్కడా నింద మిరపకాయ మోస్తుంది. పాపం దానిది ఏముంది? పీల్చుకునేది శనగపిండి, పీల్చేది నూనె. పొద్దుటి నుంచి కాగుతున్న నూనె అయితే మరీ ప్రమాదం. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం మంచిది కాదని పోషకాహార నిపుణులు ఎప్పటి నుంచో చెబుతున్నారు.

మన జంట బజ్జీ మానలేదు. నెలకు నాలుగు ‘సెలవులు’ పెట్టుకున్నారు. పెళ్లి భోజనమైనా, కనుమ నాటి గారెలూ నాటుకోడైనా, బజ్జీల బండి అయినా ఆ నాలుగింట్లోనే. లెక్క క్యాలెండరు మీద సున్నాలు చుట్టి రాసుకుంటారు. మే నెలలో పెళ్లిళ్ల సీజన్‌లో సున్నాలు ఏడయ్యాయి. జూన్‌లో రెండే. ఒకరోజు తప్పితే నియమమంతా గంగలో కలిసిందనుకోకపోవడమే ఈసారి వచ్చిన తేడా.

చేటలో లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు పెద్ద చరిత్రే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌ చేరింది. ఆ సంస్థ 2024 మేలో భారతీయులకు 17 ఆహార సూత్రాలు ప్రకటించింది. రోజుకు 2,000 కేలరీలు సరిపోయే మనిషి కంచం ఎలా ఉండాలో అందులో చెప్పింది. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100, ధాన్యాలు 250, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, గింజలు 35, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు.

గ్రాములంటే ఎవరు తూస్తారు? ఆవిడ లెక్కల టీచరు కాబట్టి నెల సరుకుల చీటీగా మార్చేశారు. ఇద్దరున్న ఇంటికి ఇలా వస్తుంది.

ఉప్పు: నెలకు 300 గ్రాములు. అంటే కిలో ప్యాకెట్‌ మూడు నెలలకు పైగా రావాలి. పచ్చళ్లలోదీ, అప్పడాల్లోదీ ఇందులోనే లెక్క. మీ ఇంట్లో ప్యాకెట్‌ ఎన్నాళ్లొస్తోంది?

నూనె, నెయ్యి: నెలకు ఒకటిముప్పావు లీటరు. వేరుశెనగ, పత్తిగింజలు, నువ్వులు... ఏదైనా సరే, మార్చి మార్చి వాడుకోవడం మేలు.

బియ్యం, జొన్నలు, రవ్వ, గోధుమపిండి అన్నీ కలిపి: 15 కిలోలు. పాతిక కిలోల బస్తా ఒక్కటే వాడినా యాభై రోజులు రావాలి.

కూరగాయలు: వారానికి అయిదున్నర కిలోలు. ఇక్కడే అందరం దొరికిపోతాం! పావుకిలో దొండకాయలతో ఇద్దరికీ రెండు పూటలు సరిపెట్టే ఇళ్లెన్నో. 1999లో మొదలైన రైతుబజార్లు ఉన్నది అందుకే కదా.

ఈ చీటీలో గమనించాల్సింది ఒకటుంది. తగ్గించమని చెప్పినవి మూడు, పెంచమని చెప్పింది కూర. కూర పెరిగితే అన్నం దానంతటదే తగ్గుతుంది. అందుకే వాళ్ల కంచంలో వరస తిరగబడింది. ముందు కూరా పప్పూ, పచ్చడి ముద్ద చివరికి. మొదటి ముద్ద పచ్చడితో కలిపితే గిన్నెడు అన్నం తెలియకుండా వెళ్లిపోతుంది. చివర కలిపితే రెండు ముద్దలకే చేయి ఆగుతుంది.

ఓ జాగ్రత్త. సోడియం తక్కువగా ఉండే ఉప్పు అని మార్కెట్లో దొరికేదాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్నిరకాల బీపీ బిళ్లలు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోకూడదు. తిండి మారింది కదాని బీపీ బిళ్ల సొంతంగా ఆపేయడం అంతకంటే ప్రమాదం.

ఎనిమిది నెలలయ్యాక ఆయన మళ్లీ కొత్తపేట వెళ్లారు. అద్భుతాలేం జరగలేదు. బరువు నాలుగు కిలోలు తగ్గారు. బీపీ నూట ముప్ఫైల్లోకి దిగింది. బిళ్ల అలాగే ఉంది. షుగరు గడప దగ్గర నుంచి ఓ అడుగు వెనక్కి వేసింది. ఆవిడకు పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్‌ తక్కువని తేలింది, ఇనుము మాత్రలు మొదలయ్యాయి. పెళ్లయి ఇన్నేళ్లకు ఆవిడ కోసం కొత్తపేట వెళ్లడం అదే మొదటిసారి.

యార్డులో కొత్త పంట దిగింది. ఏటా తెచ్చినట్టే ఆయన ఎండుమిరపకాయలు తెచ్చారు. తొడిమలు తీసి, ఎండబెట్టి మరపట్టించారు. కారం డబ్బా ఎప్పటిలాగే నిండింది. పక్కనున్న ఉప్పు డబ్బా మాత్రం ఇప్పుడు చిన్నది. దానిలో ఓ చిన్న చెంచా ఉంది. ఇద్దరికీ కలిపి రోజుకు రెండు చెంచాలే... అదీ తలగొట్టి!